కానుక కాదు, అప్పు

కీత్లీ
మార్చి 3, 2024

పెద్దమ్మా,

ఫోన్ చేద్దామనుకుని మానేశాను. పోయినసారి నేను "ఎఫీకి పళ్ళు ఊడుతున్నాయి" అంటే నువ్వు "ఎవరికి పెళ్ళి కుదిరింది?" అని వీధంతా చాటేశావు. మీ పక్కింటి ఐవీ నాకు అభినందనల కార్డు కూడా పంపింది. నీ చెవులతో పెట్టుకోవడం కంటే ఒక స్టాంపు కొనుక్కోవడం నయం.

సంగతేమిటంటే, ఖుర్షీద్ గారు ఈ ఇల్లు అమ్మేస్తున్నారు. నిన్న వచ్చి వంటింట్లో కూర్చుని, టీ సగం తాగాక చెప్పారు. "అమ్మాయ్, నా మోకాళ్ళు పోయాయి. నిచ్చెనెక్కి చూరు గొట్టాలు శుభ్రం చేసే వయసు కాదు. తమ్ముడు వాటా అడుగుతున్నాడు. ఏడేళ్ళలో ఒక్క నెల కూడా నువ్వు అద్దె ఆలస్యం చెయ్యలేదు, అందుకని బోర్డు పెట్టకముందే నిన్ను అడుగుతున్నా" అన్నారు. లక్షా ముప్పై ఎనిమిది వేల పౌండ్లు. మే నెలాఖరు దాకా ఆగుతారట.

నవ్వొచ్చింది ముందు. బస్సు తోలే నాకు సొంత ఇల్లేమిటని. కానీ రాత్రి షిఫ్టుల ఓవర్‌టైమ్ దాచి దాచి ఏడువేల ఎనిమిది వందలు చేశాను. బ్యాంకు లోను ఇవ్వాలంటే ధరలో పదోవంతు మనం ముందు పెట్టాలి, దాన్నే డిపాజిట్ అంటారు. ఇంకో ఆరువేలు తక్కువ. నెలనెలా లోను వాయిదా ఇప్పుడు కడుతున్న అద్దెకంటే ఇరవై పౌండ్లే ఎక్కువ. అద్దె కట్టగలిగినదానివి వాయిదా కట్టగలవని ఎవరూ నమ్మరు, ముందు ఆరువేలు చూపించమంటారు.

నిన్ను అడగడానికి రాయడంలేదు. కడుపులో మాట చెప్పుకోవడానికి మాకు నువ్వు తప్ప ఎవరున్నారు? ఎఫీ బడి ఈ వీధి చివరే. వేరేవాళ్ళు కొంటే రెండు నెలల్లో ఖాళీ చేయమంటారు.

ఎఫీ నీకు ముద్దులు పంపుతోంది, ముందు పన్ను లేకుండా.
నీ జానీన్


ఫ్లీట్‌వుడ్
మార్చి 8

ఒసేయ్ జానీన్,

"అడగడానికి రాయడంలేదు" అని రాసినవాళ్ళే అడిగేవాళ్ళు. నేనేం చిన్నపిల్లనా? ముప్పై ఏళ్ళు చేపల షెడ్డులో కత్తి పట్టుకుని, ఏ చేప ఎటు జారుతుందో చూసి కోసినదాన్ని.

డబ్బుంది. నేను కాస్త దాచుకున్నది. మీ పెదనాన్న పోయాక పెద్దగా ఖర్చేముంది నాకు, టీపొడి, బింగో ఆట తప్ప. ఆరువేలు నీ ఖాతాకి పంపమని బ్యాంకులో చెబుతాను. అయితే ఇది అప్పు. ఊరికే ఇస్తే నువ్వు తీసుకోవు, నాకూ ఇవ్వాలని లేదు. నెలకు నూట ముప్పై మూడు పౌండ్ల చొప్పున ఐదేళ్ళు ఇవ్వు. ప్రతి నెలా పదో తారీఖు లోపల. ఆలస్యం చేస్తే ఊరుకోను.

ఇక్కడ గాలి ఎలా ఉందంటే నిన్న ట్రామ్ దిగగానే ఐవీ టోపీ సముద్రంలోకి పోయింది. ఆవిడ టోపీ కోసం ఏడ్చిన ఏడుపు మొగుడు పోయినప్పుడు ఏడవలేదు.

ఖుర్షీద్ గారికి చెప్పు, మోకాళ్ళకి ఉన్ని పట్టీ కట్టుకోమని.
ఎనిడ్ పెద్దమ్మ


కీత్లీ
మార్చి 24

బంగారు పెద్దమ్మా,

డబ్బు చేరింది. బస్సు డిపోలో ఫోన్ చూసుకుని అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. మా సూపర్‌వైజర్ ఎవరో పోయారనుకుని నీళ్ళు తెచ్చిచ్చాడు.

నూట ముప్పై సరే, ఆ పైన మూడేమిటి? వడ్డీ లెక్కేసుకున్నావా ముసలిదానా? ఎంతైనా సరే, కడతాను.

లోను ఇప్పించే బ్రోకర్ ఒకడున్నాడు, బ్రెండన్ అని. మంచివాడు, గోళ్ళు కొరుక్కుంటాడు. అతను ఒక చిక్కు చెప్పాడు. డిపాజిట్‌లో అప్పు తెచ్చిన డబ్బుంటే ఈ బ్యాంకు ఒప్పుకోదట. ఆ అప్పు వాయిదా కూడా నా జీతంలోంచే పోవాలి కదా, అందుకని. చుట్టాలు కానుకగా ఇస్తే మాత్రం అభ్యంతరం లేదట. అందుకని ఒక ఫారం పంపుతున్నాను. కింద సంతకం పెట్టి, సాక్షిగా ఐవీ చేత కూడా పెట్టించి పంపు. అది బ్యాంకు కోసమే. మనిద్దరి మధ్య మాట మాటే, పదో తారీఖు పదో తారీఖే. డిపోలో సగం మంది ఇలాగే చేశారట.

ఎఫీ తన గదికి పసుపు రంగు వేస్తానంటోంది. ఇంకా మన గది కాలేదే అంటే వినదు.

గోడలు గీస్తున్న పిల్లని ఆపడానికి లేస్తున్నాను,
జానీన్


ఫ్లీట్‌వుడ్
మార్చి 30

జానీన్,

ఫారం చదివాను. కళ్ళజోడు మార్చి రెండోసారి కూడా చదివాను.

"ఈ సొమ్మును కానుకగా ఇస్తున్నాను. దీన్ని తిరిగి ఆశించను. ఎప్పటికీ అడగను. ఆ ఇంటి మీద నాకెలాంటి హక్కూ లేదు." ఇదీ అందులో ఉన్నది. నేను నీకు కానుక ఇవ్వలేదు. అప్పిచ్చాను. ఉత్తరంలో అలాగే రాశాను. నువ్వు సరేనన్నావు.

నా డెబ్బై రెండేళ్ళలో అబద్ధం కాగితం మీద సంతకం పెట్టలేదు. ఐవీ చేత కూడా పెట్టించమన్నావు, ఆవిడ చేత పెట్టిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. నేను పెట్టను.

ఎఫీకి పుట్టినరోజు కార్డు విడిగా పంపాను.
ఎనిడ్


కీత్లీ
ఏప్రిల్ 5

పెద్దమ్మా,

నీ ఉత్తరం మొదట చదివినప్పుడు నువ్వు హాస్యమాడుతున్నావనుకున్నాను. తర్వాత కింద "పెద్దమ్మ" అని లేకపోవడం చూశాను.

నన్ను నమ్మడంలేదన్నమాట. నీ డబ్బు ఎగ్గొడతాననా? గ్రెగ్ నన్నూ పిల్లనీ వదిలి పోయినప్పుడు కూడా కరెంటు బిల్లు ఒక్కటి ఆపలేదు నేను. ఒక సంతకం, అంతే. అది ఎవరికి నష్టం? బ్యాంకుకి నా వాయిదా అందుతుంది, నీకు నీది అందుతుంది.

ఆ డబ్బు నీ దగ్గర ఊరికే పడి ఉంది. నాకది ఇల్లు. అమ్మే ఉంటే చదవకుండానే సంతకం పెట్టేది.

ఖుర్షీద్ గారి గడువు ఆగదు. బ్రెండన్ రోజూ అడుగుతున్నాడు. నీ ఇష్టం.
జానీన్


ఫ్లీట్‌వుడ్
ఏప్రిల్ 11

జానీన్,

సంతకం పెట్టాను. సాక్షి సంతకం చర్చి పాస్టరమ్మ పెట్టింది, ఆవిడ చదవలేదు. ఫారం ఇందులోనే ఉంది.

ఆ బ్రోకర్ అబ్బాయి నాకు విడిగా రాశాడు, డబ్బు ఎక్కడిదో తెలియాలి, మూడు నెలల బ్యాంకు కాగితాలు కావాలని. అతనికే నేరుగా పంపాను. అవి నువ్వు చూడనక్కర్లేదు.

పొద్దుటిపూట ఫెర్రీ దగ్గర కాఫీ హోటల్లో గిన్నెలు కడుగుతున్నాను, వారానికి నాలుగు రోజులు. ఊరికే కాలక్షేపానికి. ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళు బిగుసుకుపోతున్నాయి.

మీ అమ్మని మన మధ్యకి తీసుకురాకు. చదవకుండా సంతకాలు పెట్టే మనిషే, నిజమే.

ఇల్లు నీకు దక్కాలి.
ఎనిడ్ పెద్దమ్మ


కీత్లీ
ఏప్రిల్ 22

పెద్దమ్మా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

శుక్రవారం భోజనం వేళ బ్రెండన్ డిపోకే వచ్చాడు. బస్సు వెనక సీట్లో కూర్చుని కాగితం తీశాడు. "ఇది బ్యాంకుకి పంపకముందు నువ్వు చూడాలి" అన్నాడు. నీ ఖాతా. మార్చి ఆరో తారీఖున నాలుగు వందల పన్నెండు పౌండ్లు. మార్చి పదకొండున ఆరువేలు జమ, పరపతి సంఘం నుంచి. పదమూడున ఆరువేలు నాకు. ఏప్రిల్ పదిన సంఘానికి వాయిదా, నూట ముప్పై మూడు.

ఆ మూడెక్కడిదో అప్పుడు తెలిసింది. దాని మీద నేను వేళాకోళం చేశాను కూడా.

నేను నోరు విప్పేలోపల బ్రెండనే అన్నాడు. "చూడు జానీన్, మీ పెద్దమ్మ అప్పు చేసి నీకు అప్పిచ్చింది. ఇది కానుక అని నువ్వు ఆవిడ చేత సంతకం పెట్టించావు. దీన్ని నేను పంపితే అబద్ధమని తెలిసీ పంపినట్టు. పట్టుబడితే లోను పోవడమొక్కటే కాదు, మీ ఇద్దరి పేర్లూ చెడతాయి. నువ్వు పంపమన్నా నేను పంపను." "పంపమనడంలేదు" అన్నాను. ఫారం అతని చేతిలోంచి తీసుకుని చింపేశాను. మధ్యాహ్నం బస్సు తోలుతుంటే రెండు స్టాపులు దాటిపోయాను. ఒకాయన గొడుగుతో అద్దం కొట్టి మరీ తిట్టాడు.

నీ ఆరువేలు నిన్న తిరిగి పంపేశాను. సంఘానికి కట్టెయ్యి. ఆ గిన్నెలు కడగడం మానెయ్యి. కాలక్షేపమట!

ఇప్పుడు నిజం చెప్పు. నీ పొదుపంతా ఏమైంది? పెదనాన్న పోయినప్పుడు ఐదువేల పైన ఉందని నువ్వే అన్నావు. డెరెక్ తీసుకున్నాడా? కన్నకొడుకని దాస్తున్నావు కానీ, వాడు కొత్త మోటారుసైకిల్ కొన్నాడని ఫోటోలు చూశాను. వాణ్ణి నేను నిలదీస్తాను. నువ్వు చెప్పలేకపోతే ఊరుకో, నేను శనివారం ఫోన్ చేసి వాడికే...

కోపం నీమీద కాదు. సగం నామీదే.
జానీన్


ఫ్లీట్‌వుడ్
ఏప్రిల్ 25

జానీన్,

ఈ ఉత్తరం అందేలోపల డెరెక్‌కి ఫోన్ చెయ్యకుండా ఉంటే బాగుండు. వాడు మొద్దు కానీ దొంగ కాదు. మోటారుసైకిల్ వాయిదాల మీద కొన్నాడు, వాడి చావు వాడు చస్తాడు.

చెప్పకూడదనే అనుకున్నాను. వాణ్ణి అన్నావు కాబట్టి చెబుతున్నాను.

మీ అమ్మ పోయినప్పుడు అంత్యక్రియల ఖర్చంతా ఆవిడ బీమా పాలసీలోంచి వచ్చిందని నీకు చెప్పాను కదా. పాలసీ లేదు. నేను ఆ కంపెనీకి రాస్తే, మూడేళ్ళ కిందటే కంతులు ఆగిపోయాయి, రద్దయింది అని జవాబు వచ్చింది. గ్రెగ్ వెళ్ళిపోయిన ఏడాది నీ అద్దెకి మీ అమ్మ సాయం చేసేది గుర్తుందా? అప్పుడు తనకు సంబంధించిన కంతులు ఒక్కొక్కటే మానేసింది. అందులో ఇదొకటి. నాలుగువేల రెండు వందలయింది, ఓక్ చెక్క శవపేటిక, రెండు కార్లు, వచ్చినవాళ్ళకి హోటల్లో హామ్ శాండ్‌విచ్‌లు అన్నీ కలిపి. శాండ్‌విచ్‌లు బాగాలేవు. నా డబ్బుతో కట్టాను. అప్పుడు నువ్వు ఎఫీ చెయ్యి పట్టుకుని గోడ చూస్తూ నిలబడి ఉన్నావు. నీతో బిల్లు గురించి ఎలా మాట్లాడను?

అది నువ్వు తీర్చాల్సిన బాకీ కాదు. ఆ మాట ఎత్తితే నీ ఉత్తరాలు విప్పను. మేరియన్ నీకు అమ్మ అవకముందే నాకు చెల్లెలు. దాన్ని ఎత్తుకుని తిప్పినదాన్ని, దాన్ని సాగనంపే హక్కు నాది.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నా దగ్గర ఏమీ లేదని రాయలేకపోయాను. ఆ సంగతి రాస్తే ఎందుకు లేదని అడుగుతావు. అందుకని సంఘానికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి "ఇంత వయసులో దేనికండీ?" అంది. "విహారయాత్రకి" అన్నాను. ఆ అబద్ధం నోటితో ఆడాను, కాగితం మీద కాదు.

సంతకానికి వెనకాడింది నీమీద నమ్మకం లేక కాదు. భయం వేసింది. నీకు ఏదైనా అయితే, తిరిగి ఆశించనని నేనే రాసిచ్చాక, సంఘం వాయిదా నా పెన్షన్‌లోంచి ఎలా కట్టను? ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, నీతి కబుర్లు చెప్పాను. తర్వాత నువ్వు అమ్మ పేరెత్తావు. పెట్టేశాను.

డబ్బు తిరిగి పంపమని నిన్ను ఎవరడిగారు? సంఘానికి కట్టలేదు. అలాగే ఉంచాను. మే నెలాఖరుకి ఇంకా నెలరోజులుంది.

పెద్దమ్మ


కీత్లీ
మే 20

పెద్దమ్మా,

నీ ఉత్తరం అందాక ఇన్నాళ్ళు రాయలేదని కోపం తెచ్చుకోకు. ఏ ముఖం పెట్టుకుని రాయను? డెరెక్‌కి ఫోన్ చెయ్యలేదు, దేవుడి దయ.

అమ్మ అంత్యక్రియల డబ్బు సంగతి నువ్వు ఎత్తవద్దన్నావు, ఎత్తను. కానీ ఒక్క మాట. ఆ రోజు చలిలో నా చేతి తొడుగులు పోయాయంటే నీవి తీసి నాకిచ్చావు. సమాధి దగ్గర నీ వేళ్ళు నీలంగా ఉన్నాయి. ఆ రోజు నువ్వు నాకిచ్చింది అదొక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఖుర్షీద్ గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. "నేనొక్కణ్ణే అయితే ఏడాది ఆగేవాణ్ణి తల్లీ. సగం తమ్ముడిది. వాడికి మనసు మెత్తన కాదు" అన్నారు. వాళ్ళావిడ లోపల్నుంచి గిన్నెడు పాయసం తెచ్చి ఎఫీకి ఇచ్చింది. లీడ్స్ నుంచి ఎవరో జంట కొన్నారు. ఆగస్టుకి ఖాళీ చెయ్యాలి. ఇల్లు పోయింది పెద్దమ్మా. ఎఫీ పసుపు రంగు చుక్క పెట్టిన గోడని ఎవరో తెల్లగా చేసేస్తారు.

ఇంక ఊరుకుందామనుకున్నాను. బ్రెండన్ ఊరుకోలేదు. కొండకి అటువైపు ఊళ్ళో చిన్న గృహరుణ సంస్థ ఒకటుందట. డిపాజిట్‌లో చుట్టాల అప్పు ఉన్నా ఒప్పుకుంటారట, దాచకుండా చెబితే. ఆ వాయిదా లెక్కలో పట్టుకుని, అందుకు తగ్గట్టు లోను తగ్గిస్తారు. తగ్గించినదానికి సరిపోయే ఇల్లు కూడా చూశాను. లక్షా పన్నెండువేలు. కొండ మీద, రెండు గదులు, వంటిల్లు పాతకాలం నాటిది, వెనక పెరటికి బదులు బొగ్గు వేసుకునే కొట్టు. ఎఫీ బడికి రెండు బస్సులు మారాలి, అందులో ఒకటి నాదే.

దానికి డిపాజిట్, లాయరు ఖర్చులు కలిపి నాలుగువేలు తక్కువ. ఈసారి అడుగుతున్నాను, దాపరికం లేకుండా. ఆరులో నాలుగు నాకు అప్పివ్వు, మిగిలిన రెండు సంఘానికి కట్టెయ్యి. నీ వాయిదా ఎనభై తొమ్మిదికి దిగుతుందట, అది నా జీతం నుంచి నేరుగా సంఘానికే పోయేట్టు రాయిస్తాను. నువ్వు మధ్యలో పదో తారీఖు కోసం ఎదురుచూడక్కర్లేదు. వద్దనుకుంటే వద్దని చెప్పు, రెండేళ్ళు దాచుకుంటాను. నిజంగా.

ఆ సంస్థవాళ్ళకి నీ చేత్తో రాసిన ఉత్తరం కావాలట, అప్పు అని, ఎంత అని, ఎక్కడిది అని. ఈసారి ఫారం లేదు. నువ్వు ఏది నిజమనుకుంటే అది రాయి.

క్షమించమని పైన రాయలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.
జానీన్


ఫ్లీట్‌వుడ్
జూన్ 14

ఒసేయ్ పిల్లా,

నాలుగువేలు పంపాను. సంస్థకి ఉత్తరం కూడా రాశాను, నాలుగు పేజీలు. చేపల షెడ్డు సంగతి కూడా రాశాను, నేనెవరో వాళ్ళకి తెలియాలి కదా. సంఘం దగ్గరికి కూడా వెళ్ళి, విహారయాత్ర కాదమ్మా, ఇంటికోసం అని చెప్పొచ్చాను. ఆ అమ్మాయి "నాకప్పుడే తెలుసు, మీరు యాత్రలకి వెళ్ళే మనిషిలా లేరు" అంది. మెప్పో తిట్టో తెలియలేదు.

ఇక అసలు సంగతి. ఆ సంస్థ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఆవిడ ఏదో అడుగుతోంది, నాకేమో "పడవలో వరద వస్తే" అని వినిపిస్తోంది. "అమ్మా, నాకు పడవ లేదు" అన్నాను. పాపం మూడుసార్లు ప్రయత్నించి, ఉత్తరం రాసింది. "మీ చెల్లెలి కూతురు తిరిగి ఇవ్వలేకపోతే మీరేం చేస్తారు? ఆ ఇంటి మీద హక్కు అడుగుతారా?" అని.

బాగా ఆలోచించి జవాబు రాశాను. "ముందు దాన్ని తిడతాను. తర్వాత బస్సెక్కి వాళ్ళింటికి వెళ్తాను. టీ తాగుతాను. ఇంటి మీద హక్కు వద్దు. తలుపు తీస్తే చాలు."

తప్పు రాశానా? నువ్వు చూసి చెప్పు. పోస్టులో వేసి మూడు రోజులైంది, ఇప్పుడు చూసి లాభం లేదు కానీ.

గిన్నెలు కడగడం మానలేదు. అక్కడ కబుర్లు బాగుంటాయి, సగమే వినపడినా.
పెద్దమ్మ


కీత్లీ
జులై 9

పెద్దమ్మా!

వచ్చింది. లోను వచ్చింది. బ్రెండన్ ఫోన్‌లో చెప్పాడు, ఈసారి గోళ్ళన్నీ కొరికేసుకున్నాడట. నీ జవాబు చదివి ఆ అమ్మాయి మేనేజర్‌కి వినిపించిందట. ఆయన "దీనికి మన ఫారంలో గడి లేదు" అన్నాడట. అయినా ఫైల్లో పెట్టారు.

ఆగస్టు రెండున తాళాలిస్తారు. కొత్త చిరునామా విడి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. నువ్వు ఎనిమిదో నంబర్ని మూడు అని చదువుతావు, అందుకని పక్కన ఎనిమిది చుక్కలు పెట్టాను.

ఎఫీకి రెండో గది ఇచ్చాను. ఈసారి పసుపు కాదట, ఆకుపచ్చ. నేను ఏమీ అనలేదు.

పెట్టెలు సర్దాలి, ఉంటాను.
నీ జానీన్


ఫ్లీట్‌వుడ్
ఆగస్టు 5

జానీన్,

ఇది కొత్త ఇంటికి నీకు అందే మొదటి ఉత్తరం అయ్యుండాలి. కరెంటు బిల్లు ముందే వచ్చి ఉంటే నా తప్పు కాదు.

పదిహేనో తారీఖున వస్తున్నాను. ఐవీ కూడా వస్తానంటోంది, ఇల్లు చూడకపోతే ఆవిడకి నిద్రపట్టదు. పొగబెట్టిన చేపలు ఆరు తెస్తున్నాను, బస్సులో వాసనొస్తే జనం నన్నే తిట్టుకోనీ.

కవరు మీద రాసేముందు చిరునామాల పుస్తకం తీశాను. మీ అమ్మ పేరు కింద తొమ్మిది ఇళ్ళున్నాయి, నీ పేరు కింద ఐదు. ఒకదాని తర్వాత ఒకటి రాసి, చెరిపి, మళ్ళీ రాసి, ఆ చోట కాగితం పలచబడిపోయింది. మీ అందరివీ ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాసేదాన్ని, ఎలాగూ మారిపోతాయి కదా అని.

నిన్న నీది పెన్నుతో రాశాను.

పెద్దమ్మ